బోరు నీళ్ళలో ఫ్లోరైడ్: ఇంట్లో అల్యూమినా ఫిల్టర్ పెట్టుకునే పద్ధతి

మా వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం గడిలో ఒక అంకె రాసి ఉంటుంది. 0.3, 0.3, 0.4, 0.6... కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు పాల లెక్క అనుకుంటారు. మా ఫిల్టర్ కింద పట్టిన నీళ్ళలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో, ఆ లెక్క అది. అంకె 1 దగ్గరికి వచ్చిన వారం ఫిల్టర్ విప్పి, లోపలి అల్యూమినా గింజలు తీసి, మందు నీళ్ళలో నానబెట్టి మళ్ళీ పనిలోకి తెస్తాను. ఏడేళ్ళుగా ఇదే పద్ధతి. ఇలాంటి నీళ్ళే తాగుతున్న ఇంకో ఇంటికి పనికొస్తుందని అంతా వివరంగా రాస్తున్నాను.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొదట బయటపెట్టింది 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని. మా వైపు ఊళ్ళన్నీ ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. మా కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల్లో ఉన్న ఫ్లోరైడ్ నీళ్ళలోకి నెమ్మదిగా కరుగుతుంది. సున్నం శాతం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. మా బోర్లు సరిగ్గా అలాంటివే.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, పిలిస్తే మా అత్తమ్మ తల ఒక్కటే తిప్పి చూసేవారు కాదు. నిలబడిన చోటే ఒళ్ళంతా తిప్పి చూసేవారు. నా మీద ఏదో కోపం ఉందని లోలోపల బాధపడేదాన్ని. ఆవిడ మెడ తిరగదని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎముకల్లోకి దిగిన ఫ్లోరైడ్‌ను వెనక్కి తీసే మందు లేదు. పిల్లల పళ్ళకు పట్టే పసుపూ గోధుమరంగు చారలూ అంతే. పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు తాగిన నీళ్ళే ఆ పళ్ళ రంగును నిర్ణయిస్తాయి. మా స్కూల్లో నవ్వు వచ్చినప్పుడల్లా చున్నీ అడ్డం పెట్టుకునే ఆడపిల్లల్ని ప్రతి ఏడూ చూస్తున్నాను. అందుకే ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి.

ముందు నీళ్ళు కొలవండి

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. తియ్యగా ఉన్నాయని ఊరంతా మెచ్చుకునే బోరులోనే అది ఎక్కువగా ఉండొచ్చు. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇళ్ళ దగ్గరి బోరు నీళ్ళు సీసాల్లో తెమ్మన్నాను. పద్నాలుగు సీసాలొచ్చాయి, వాటి మీద వీధి పేర్లు రాసిన కాగితాలు అంటించి ఉన్నాయి. బల్ల మీద వరసగా పెట్టి టెస్టు కిట్ మందు చుక్కలు వేశాం. ఆ మందు గులాబీ రంగులో ఉంటుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ పోయి పసుపులోకి తిరుగుతుంది. రామాలయం దగ్గరి బోరు సీసా గులాబీగానే నిలిచింది. దానికి రెండువందల అడుగుల దూరంలో ఉన్న ఇంకో బోరు సీసా మా కళ్ళ ముందే పచ్చబడిపోయింది. ఆ నీళ్ళు తెచ్చిన పిల్లవాడు సీసా చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. పక్కపక్క బోర్లలోనే ఇంత తేడా ఉంటుంది. పక్కింటి రిపోర్టు మీ ఇంటికి పనికిరాదు.

మొదటిసారి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్ళు ఇస్తే చాలు. ఫ్లోరైడ్‌తో పాటు ఆల్కలినిటీ (నీళ్ళ సోడా గుణం), పీహెచ్ (నీళ్ళు పులుపు వైపున్నాయో సోడా వైపున్నాయో చెప్పే అంకె) కూడా చూడమని అడగండి, ఎందుకో కిందికి వెళ్ళాక తెలుస్తుంది. ఆ తర్వాత వారం వారం చూసుకోవడానికి ఇంట్లో ఫ్లోరైడ్ కిట్ ఒకటి ఉండాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారే లేనప్పుడు 1.5 వరకు. మా బోరులో వచ్చింది 4.2.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటింటికీ తిరిగి పెన్నులాంటి టీడీఎస్ మీటరు నీళ్ళలో ముంచి అంకె చూపించేవాళ్ళను నమ్మకండి. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. టీడీఎస్ 400 ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ 4 ఉండొచ్చు, 1500 ఉన్న నీళ్ళలో అర మిల్లీగ్రామే ఉండొచ్చు. అలాగే కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ, యూవీ దీపం ఉన్న ఫిల్టరూ దీన్ని పట్టుకోలేవు. చిల్లగింజ అరగదీసి వేస్తే బురద నీళ్ళు తేటపడతాయి, నిజమే. అయితే మన బాధ బురద గురించి కాదు.

మీ ఊరికి నది నీళ్ళో, రిజర్వాయరు నీళ్ళో పైపులో నికరంగా వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడండి. డాబా మీద పడిన వాన నీళ్ళు శుభ్రంగా పట్టుకోగలిగితే అదీ మంచి మార్గమే. ఫిల్టర్ పెట్టుకోవాల్సింది బోరు తప్ప గతి లేని ఇళ్ళూ, పైపు నీళ్ళు వారంలో నాలుగు రోజులు ఆగిపోయే ఇళ్ళూ.

అల్యూమినానే ఎందుకు

ఫ్లోరైడ్‌ను పట్టుకునే ఖనిజాలు చాలా ఉన్నాయి. ఎర్రమన్ను, లేటరైట్ రాయి, ఇటుక ముక్కలు, ఇవన్నీ ఎంతోకొంత పట్టుకుంటాయి. బట్టీ నుంచి తెచ్చిన ఇటుకల్ని కొట్టి, జల్లించి, కడిగి నేనే ఒక డ్రమ్ము నింపి చూశాను. మొదటి మూడు రోజులు ఫ్లోరైడ్ తగ్గింది, వారం తిరిగేసరికి లోపలికి పోసిన అంకే బయటా వచ్చింది. అలాంటివి వాడాలంటే బస్తాలకు బస్తాలు మార్చుకుంటూ పోవాలి. ఎముకల బొగ్గు ఫ్లోరైడ్‌ను బాగానే పట్టుకుంటుంది, కెన్యా, టాంజానియా దేశాల్లో వాడారు కూడా. మా ఇంట్లో దాని ఊసెత్తడం కూడా కుదరదు.

నల్గొండ పద్ధతి అని ఇంకొకటి ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి తిప్పి, తేరనిచ్చి, పైనున్న నీళ్ళు వంచుకోవాలి. పనిచేస్తుంది, నేను ఏడాది చేశాను. కానీ రోజూ పటిక తూచాలి, రోజూ తిప్పాలి, రోజూ అడుగున మిగిలిన తెల్లటి మడ్డిని ఎక్కడ పోయాలో చూసుకోవాలి. ఆ రోజువారీ చాకిరీ అంతా ఇంట్లో ఆడవాళ్ళ మీదే పడుతుంది. పొలం పనుల రోజుల్లో కచ్చితంగా మానేస్తారు. నేనూ మానేశాను.

యాక్టివేటెడ్ అల్యూమినా అంటే అల్యూమినియం ఖనిజాన్ని ప్రత్యేకంగా వేడిచేసి తయారుచేసిన తెల్లటి గింజలు. బొంబాయి రవ్వలా ఉంటాయి. కంటికి నున్నగా కనిపించినా గింజ నిండా సన్నటి రంధ్రాలే. ఒక్క గ్రాము గింజల లోపలి గోడలన్నీ విప్పి పరిచామనుకోండి, సుమారు ఐదు సెంట్ల స్థలం అవుతుంది. మా ఫిల్టర్‌లో ఉన్న 5 కిలోలూ పరిస్తే 250 ఎకరాలు! నీళ్ళు మెల్లగా దిగుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఆ గోడలకు అంటుకుని నిలిచిపోతుంది. గోడలన్నీ నిండిపోయాక ఇంక పట్టదు. అప్పుడు కాస్టిక్ సోడా నీళ్ళతో ఆ ఫ్లోరైడ్‌ను ఊడగొట్టి, గింజల్ని మళ్ళీ వాడుకోవచ్చు. ఐఐటీ కాన్పూర్ వాళ్ళు యూనిసెఫ్ సాయంతో ఇళ్ళకు పెట్టుకునే ఫిల్టర్లు తయారుచేసింది ఈ గింజలతోనే. నేను చేసిందీ ఆ పద్ధతికి దగ్గరగానే ఉంటుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. "నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే గ్రేడ్, 0.4 నుంచి 1.2 మిల్లీమీటర్ల సైజు" అని స్పష్టంగా అడగాలి. మొదటిసారి నేను ఒట్టి యాక్టివేటెడ్ అల్యూమినా అని ఆర్డరిస్తే శనగగింజంత ఉండలు పంపారు. అవి కంప్రెసర్లలో గాలి తడి పీల్చడానికి వాడేవట. నీళ్ళు వాటి మధ్యనుంచి జారిపోయాయి, ఫ్లోరైడ్ 4.2 నుంచి 3.5కు దిగింది, అంతే. ఉండ పెద్దదైతే లోపలి గోడల దాకా ఫ్లోరైడ్ వెళ్ళేలోపే నీళ్ళు దాటిపోతాయి. ఆ డబ్బు పోయినట్టే. సరైన గింజలు 5 కిలోలకు నాకు ఏడువందల దాకా అయింది.

ఫిల్టర్ అమర్చడం

మా పెళ్ళికి వచ్చిన స్టీల్ వాటర్ ఫిల్టర్ అటక మీద పడి ఉంది. రెండు అరలు, పైన రెండు క్యాండిళ్ళు, కింద ట్యాపు, చాలా ఇళ్ళలో ఉన్నదే. క్యాండిళ్ళు తీసేశాను. ఒక రంధ్రాన్ని రబ్బరు వాషరూ స్టీల్ బోల్టూ పెట్టి బిగించి మూసేశాను. రెండో దానికి డ్రిప్ పైపులకు వాడే చిన్న కంట్రోల్ ట్యాపు బిగించాను, అది కింది అరలోకి దిగుతుంది. పై అర అడుగున చిల్లుల స్టీల్ పళ్ళెం, దాని మీద రెండు మడతల నైలాన్ బట్ట. అంచుల దగ్గర బట్ట గోడకు ఆనుకుని పైకి ఒక అంగుళం లేవాలి, లేకపోతే గింజలు పక్కలనుంచి జారి ట్యాపులో ఇరుక్కుంటాయి. అల్యూమినియం పళ్ళెం, అల్యూమినియం గిన్నె మాత్రం ఈ పనిలో ఎక్కడా వాడొద్దు, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది.

గింజలు పోసేముందు కడగాలి. బియ్యం కడిగినట్టే బకెట్‌లో నీళ్ళు పోసి, చేత్తో కలిపి, తెల్లటి నీళ్ళు వంపేయాలి. తేటగా వచ్చేదాకా, ఏడెనిమిది సార్లు పడుతుంది. తర్వాత ఫిల్టర్‌లో పోసి పైన చదును చేయాలి. మా ఫిల్టర్ వెడల్పు 22 సెంటీమీటర్లు, 5 కిలోల గింజలు 17 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాయి. ఈ ఎత్తు ముఖ్యం. వెడల్పాటి బేసిన్‌లో పలచగా పరిస్తే నీళ్ళు చిటికెలో దాటిపోతాయి. గింజల మీద ఇంకో చిల్లుల పళ్ళెం పెట్టండి. పైనుంచి చెంబుతో పోసినప్పుడు నీటి ధార ఒకేచోట గుంట చేసి, అక్కడినుంచే దారి చేసుకుని దిగిపోకుండా అది కాపాడుతుంది.

ఇక ట్యాపు. దీని దగ్గరే చాలామంది తొందరపడతారు. నిమిషానికి 150 మిల్లీలీటర్లకు మించి రాకూడదు. కొలపాత్రా గడియారమూ పెట్టుకుని ట్యాపు తిప్పి సరిచేసుకోండి. ఆ లెక్కన గంటకు 9 లీటర్లు వస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు పోస్తే తెల్లారేసరికి కింది అర నిండి ఉంటుంది. నిదానంగా వస్తోందని మా ఆయన ఒకసారి ట్యాపు పూర్తిగా తిప్పేశారు, ఆ ఆదివారం అంకె 0.4 నుంచి 1.8కి ఎగిరింది. మళ్ళీ బిగించాక వారంలో సర్దుకుంది. అప్పటినుంచి ట్యాపు మీద గుర్తు గీసి పెట్టాను.

మొదటి నాలుగు విడతల నీళ్ళు తాగడానికి వాడకుండా అంట్లకు వాడేయండి. ఐదో విడత నీళ్ళను కిట్‌తో చూసి, 1 లోపు ఉంటే మొదలుపెట్టండి. ఈ గింజలు క్రిముల్ని చంపవు. మేం ఫిల్టర్ నీళ్ళనే కాచి చల్లార్చి తాగుతాం. వంటకూ ఇవే. అన్నం వండేటప్పుడు బియ్యం, పప్పు నీళ్ళను పీల్చుకుంటాయి కాబట్టి, తాగేవి మాత్రమే ఫిల్టర్ చేసి ఎసట్లోకి బోరు నీళ్ళు పోస్తే చేసిన పనిలో సగం వృథా. స్నానానికీ బట్టలకీ బోరు నీళ్ళతో ఇబ్బంది లేదు.

ఎన్నాళ్ళు వస్తుందో లెక్క

ఇది అందరూ చేయాల్సిన లెక్క, నోటితో చేయొచ్చు. మా ఇంట్లో ఐదుగురం, తాగడానికీ వంటకీ రోజుకు 25 లీటర్లు. బోరులో 4.2, ఫిల్టర్ తర్వాత సగటున 0.6 అనుకుంటే, లీటరుకు సుమారు 3.5 మిల్లీగ్రాములు గింజల్లో నిలుస్తాయి. అంటే రోజుకు 87 మిల్లీగ్రాములు. మా నీళ్ళ స్వభావానికి కిలో గింజలు పూర్తిగా నిండేలోపు 1,500 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటాయని పెట్టుకున్నాను, 5 కిలోలకు 7,500. భాగిస్తే 86 రోజులు. నిజంగా మా ఇంట్లో వచ్చేది 75 రోజులు. ఆ తేడా ఆల్కలినిటీ వల్ల. నీళ్ళకు ఆ గుణాన్నిచ్చే బైకార్బొనేట్ కూడా అవే గోడల మీద చోటు కోసం పోటీ పడుతుంది, పీహెచ్ ఎనిమిది దాటితే ఫ్లోరైడ్ ఇంకా తక్కువ అంటుకుంటుంది. ల్యాబ్‌లో ఆ రెండూ అడగమన్నది ఇందుకే. పీహెచ్ తగ్గిస్తే గింజలు ఎక్కువ పట్టుకుంటాయని చదివి ఇంట్లో నీళ్ళలో యాసిడ్ కలుపుతారేమో, ఆ పని మాత్రం వద్దు.

లెక్క ఉంది కదా అని పరీక్ష మానకూడదు. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో మా ఆడపడుచు పిల్లలతో వచ్చి నెలన్నర ఉంది. పది మందిమి, రోజుకు అరవై లీటర్లు. క్యాలెండర్ ప్రకారం ఇంకా నెల గడువుందని, ఇంటి హడావుడిలో ఐదు ఆదివారాలు పరీక్ష చేయలేదు. తర్వాత చూస్తే సీసా పచ్చగా తిరిగింది, 2.8. అంటే ఫిల్టర్ ఉందన్న ధీమాతో చిన్నపిల్లలకు అన్నాళ్ళు ఆ నీళ్ళే పోశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఊళ్ళో చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ఫిల్టర్లే ఇంటింటికీ పంచారు. పంచినవాళ్ళు గింజలు శుద్ధి చేయడం ఎవరికీ నేర్పలేదు, మళ్ళీ రాలేదు. మూడు నెలల తర్వాత అవి ఒట్టి స్టీల్ డబ్బాలే. అయినా జనం వాటిలో పోసుకునే ఏళ్ళ తరబడి తాగారు. నా వరకు ఫిల్టర్ అమర్చడం ఒక పూట పని. ఆదివారం పరీక్షా, వేళకు గింజలు కడగడమూ, ఇవే అసలు పని. ఈ రెండూ చేయలేమనుకుంటే పెట్టుకోకపోవడమే మంచిది, కనీసం వేరే నీళ్ళు వెతుక్కుంటారు.

గింజలకు కాస్టిక్ స్నానం

ఒక సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. రబ్బరు గ్లవ్స్, కళ్ళజోడు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్ళతో పావుగంటకు పైగా కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

గింజల్ని నైలాన్ సంచిలోకి ఎత్తి మూతి కట్టండి. పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో ముందు 8 లీటర్ల నీళ్ళు పోసి, అందులో 80 గ్రాముల కాస్టిక్ సోడాను కొంచెం కొంచెంగా వేస్తూ కర్రతో తిప్పండి. నీళ్ళలో సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే భగ్గున వేడెక్కి ముఖం మీదికి చిందుతుంది. సంచిని ఆ నీళ్ళలో ముంచి ఎనిమిది గంటలు ఉంచండి. గంటకోసారి కర్రతో సంచిని పైకీ కిందికీ ఆడించండి.

సాయంత్రం సంచి తీసి, నీళ్ళు వడిచాక మంచినీళ్ళలో కడగాలి. సోడా పోయిందో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లో వాడేది పసుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎలా తిరుగుతుందో తెలుసుగా, అదే సంగతి ఇక్కడా. తెల్ల కాగితం ముక్కకు తడి పసుపు రాసి ఆరబెట్టి ఉంచుకోండి. కడిగిన నీళ్ళు చుక్క వేస్తే మొదటిసారి కాగితం కుంకుమలా ఎర్రబడుతుంది. రెండోసారి ఇటుక రంగు. నాలుగైదుసార్లు కడిగేసరికి పసుపు పసుపుగానే నిలుస్తుంది. మా అత్తమ్మకు ఇది చూడటం ఇష్టం. కుర్చీ వేసుకుని కూర్చుని, చుక్క వెయ్యగానే "ఇంకా ఉందే" అనో "పోయిందిలే" అనో ఆవిడే తేలుస్తారు.

ఇంతటితో అయిపోదు. గింజల లోపలి రంధ్రాల్లో సోడా ఇంకా దాగి ఉంటుంది. 8 లీటర్ల నీళ్ళలో 160 గ్రాముల పటిక కరిగించి, సంచిని రాత్రంతా అందులో నానబెట్టండి. పటిక నీళ్ళ పులుపు ఆ మిగిలిన సోడాను విరిచేసి, గింజల్ని మళ్ళీ ఫ్లోరైడ్ పట్టుకునే స్థితికి తెస్తుంది. పెద్ద ప్లాంట్లలో ఇక్కడ పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతారు. ఇంట్లో ఆ యాసిడ్ ఉంచుకోవడం నాకు సమ్మతం కాదు. పొద్దున మళ్ళీ ఐదారుసార్లు కడిగి, ఈసారి పీహెచ్ కాగితంతో చూడండి, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. పసుపు కాగితం పులుపును చూపించదు, అందుకే పీహెచ్ కాగితం. కడగడం తక్కువైతే నీళ్ళలోకి అల్యూమినియం కరిగి వచ్చే ప్రమాదం ఉంది, ఈ పనిలో బద్ధకం పనికిరాదు. ఫిల్టర్‌లో పోశాక మొదటి రెండు విడతలూ పారబోసి, కిట్‌తో చూసి, క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో తేదీ రాయండి.

వాడేసిన సోడా నీళ్ళలో ఏముందో ఒక్కసారి ఆలోచించండి. మన ఇంటిల్లిపాదీ రెండున్నర నెలల్లో మింగాల్సిన ఫ్లోరైడ్ అంతా ఆ బకెట్‌లో ఉంది, లీటరుకు 800 మిల్లీగ్రాముల పైనే. దాన్ని మోరీలోనో బోరు పక్కనో పొలంలోనో పోస్తే మళ్ళీ మన నీళ్ళలోకే వస్తుంది. బర్రెలు మూతి పెట్టినా ప్రమాదమే. సోడా నీళ్ళూ, మొదటి రెండు కడుగు నీళ్ళూ, పటిక నీళ్ళూ అన్నీ ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపేస్తాను. రెండూ కలిసేసరికి ఘాటు తగ్గి, తెల్లటి మడ్డి దిగుతుంది. అందులో 100 గ్రాముల తడి సున్నం వేసి బాగా తిప్పితే, మిగిలిన ఫ్లోరైడ్‌లో చాలా భాగం సున్నంతో కలిసి అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్ళూ మంచివేం కావు. పెరట్లో సిమెంటుతో కట్టిన లోతు తక్కువ తొట్టిలో పోసి, కంచె వేసి ఎండబెడతాను. మా ఎండలకు వారం పది రోజుల్లో ఆరిపోతుంది. వానాకాలమైతే తొట్టి మీద రేకు కప్పాలి. ఎండిన పొడిని మూత ఉన్న డబ్బాలో దాస్తాను, ఏడాది మొత్తానికి రెండు కిలోలు కూడా కాదు.

ఒక్కరే చేయడం కష్టమనిపిస్తే నాలుగైదు ఇళ్ళు కలిసి చేసుకోండి. ఇప్పుడు మా వీధిలో ఆరు ఫిల్టర్లున్నాయి. ఒకే కిట్ తిరుగుతుంది, ఎవరి గింజలు వాళ్ళ సంచిలో ఉంటాయి. సంచికి రంగు దారం కట్టుకుంటాం, మాది ఆకుపచ్చ. ఒక్కో ఇంటి బోరు వేరు కాబట్టి గడువు కూడా ఒక్కోరకం. పక్కింటి వదిన వాళ్ళ బోరులో 2.1 మాత్రమే, వాళ్ళది ఐదు నెలలకు గానీ నిండదు.

కాస్టిక్ స్నానం చేయించిన ప్రతిసారీ గింజల శక్తి కొంచెం తగ్గుతుంది, కొన్ని పొడైపోతాయి కూడా. 75 రోజులు వచ్చేది 50కి దిగినప్పుడు మొత్తం మార్చేశాను. నాలుగేళ్ళు వచ్చాయి. పాత గింజల్నీ, దాచిన పొడినీ విసిరేయకుండా సిమెంటు కాంక్రీటులో కలిపించి పెరట్లో వేపచెట్టు కింద అరుగు వేయించాం. అత్తమ్మ నేల మీద కూర్చోలేరు కాబట్టి దాన్ని రెండడుగుల ఎత్తు పెట్టమన్నాను. సాయంత్రం పూట ఆవిడ దాని మీదే కూర్చుంటారు.